ఒంటరి వియ్యంకుడు

బేకరీలో ఆమెను అందరూ డిక్షనరీ అనేవారు. ఆ పేరు పెట్టింది ప్యాకింగ్ గదివాళ్లు. తమ వంశంలో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆమె. తాత ఇక్కడే పిండి పిసికాడు. అమ్మమ్మ ఇక్కడే నలభై ఏళ్లు రొట్టెలకు కాగితాలు చుట్టింది. నాన్న ముప్పై ఏళ్లుగా ఇక్కడే బట్టీ మేస్త్రి. ఎం.ఏ. పూర్తిచేసిన డిక్షనరీ కూడా ఎక్కడికీ పోకుండా, అదే బేకరీ ఆఫీసు గదిలో లేబుళ్లు, ఉత్తరాలు రాసే పనిలో కుదురుకుంది.

తినే వస్తువుల పేర్లు ఎక్కణ్నుంచి వచ్చాయన్నది ఆమె చదువులో చివరి ఏడాది తీసుకున్న విషయం. చదువు అయిపోయినా ఆ పిచ్చి వదల్లేదు. ఉద్యోగంలో చేరిన మొదటి వారమే, టీ తాగుతున్న వాళ్లకు చక్కెర అన్న మాట శర్కర నుంచి వచ్చిందనీ, శర్కర అంటే గులకరాళ్లు, గరుకు ఇసుక అన్న అర్థం కూడా ఉందనీ చెప్పింది. అందరూ గ్లాసులు కిందపెట్టి ఆమె వంక చూశారు. రేపట్నుంచి నా టీలో రెండు చెంచాల కంకర వెయ్యండి అన్నాడు వ్యాను డ్రైవరు.

ఆమె తగ్గలేదు. నూనె అంటే అసలు నువ్వుల నెయ్యేననీ, మిగతా గింజలన్నీ ఆ పేరును తర్వాత పంచుకున్నాయనీ మరునాడు చెప్పింది. సముద్రాలు దాటి వచ్చిన మిరపకాయకు ఇక్కడ పేరు లేక, అప్పటికే ఘాటుకు పెద్దదిక్కుగా ఉన్న మిరియం పేరే తగిలించారని ఆ తర్వాతి రోజు చెప్పింది. బిస్కెట్ అంటే ఒక పాత భాషలో రెండుసార్లు కాల్చినది అని అర్థమని చెప్పిన రోజు మాత్రం, ఎప్పుడూ నోరు విప్పని వాళ్ల నాన్న బట్టీ దగ్గర నుంచి తల తిప్పాడు.

"రెండుసార్లు కాల్చేది రస్కు కదమ్మా. బిస్కెట్టును మనం ఒక్కసారే కాలుస్తాం. అంటే ఆ పేరు రస్కుది. బిస్కెట్టు దాన్ని వేసుకుని తిరుగుతోంది."

ఆమె ఆ మాటను నోటుపుస్తకంలో రాసుకుంది. పాఠం చెప్పిన వాళ్లెవరూ అంత చక్కగా చెప్పలేదు.

ఆ నోటుపుస్తకంలో ఒక పేజీ మాత్రం ఎంతకీ తేలకుండా ఉండిపోయింది. అది వియ్యంకుడి పేజీ.

ఆ బేకరీలో రోజూ మొదటి వాయి బట్టీ నుంచి దిగగానే, అందులో ఒక రొట్టెను తీసి, బట్టీ గది తలుపు మీద ఉన్న చెక్క అరలో పెట్టి పలచని గుడ్డ కప్పుతారు. చెక్క మీద సుద్దముక్కతో తేదీ వేస్తారు. మూడు రోజులు దాన్ని ఎవరూ ముట్టుకోరు. నాలుగో రోజు దించి, పొడి కొట్టేస్తారు. ఆ రొట్టెను వియ్యంకుడు అంటారు. కొత్తగా చేరిన వాళ్లకు పని కంటే ముందు చెప్పే మాట, వియ్యంకుడి జోలికి పోవద్దనే.

ఎందుకు ఆ పేరు అని అడిగితే తలా ఒకటి చెప్పేవారు. పని చెయ్యకుండా ఎత్తు పీట మీద కూర్చుంటాడు కాబట్టి అన్నాడు పిండి కలిపే ఆయన. అందరికంటే ముందు మర్యాద చెయ్యాలి కాబట్టి అంది లేబుళ్లు అంటించే ఆమె. పైన గట్టి, లోపల డొల్ల అని వ్యాను డ్రైవరు. ఆయనకు కిందటి ఏడే కూతురి పెళ్లయింది, ఆ కోపం ఇంకా చల్లారలేదు. నాన్నను అడిగితే, మా మేస్త్రి పెట్టేవాడు, నేనూ పెడుతున్నాను అన్నాడు. నాలుగూ రాసుకుంది. వినటానికి ఏ కథ బాగుంటే దాన్ని ముందు అనుమానించమని ఆమెకు చదువు చెప్పిన మాస్టారు అనేవారు. ఒక మాట ఎలా పుట్టిందో తెలియాలంటే, అది మొదట ఎవరికి అవసరమైందో వెతకమనేవారు. ఒక రొట్టెను వియ్యంకుడు అనవలసిన అవసరం ఎవరికి వచ్చిందో ఆమెకు అంతుపట్టలేదు.

బుధవారం ఉదయం ఆసుపత్రి నుంచి ఉత్తరం వచ్చింది. ఆ బేకరీకి అన్నిటికంటే పాత ఖాతా అది. సోమవారం, గురువారం రొట్టెలు వెళ్తాయి. ఒక్కో విడత మూడు రోజులు నిలవాలి. సోమవారం ఇచ్చిన రొట్టెలకు బుధవారం పొద్దుటికే బూజు పట్టిందనీ, కిందటి వారం కూడా ఇలాగే జరిగిందనీ, రోగులు తినే తిండి కాబట్టి సోమవారంలోగా సరైన సమాధానం ఇవ్వకపోతే వేరేవాళ్లను చూసుకుంటామనీ ఆ ఉత్తరంలో ఉంది.

చిన్నయజమాని దాన్ని రెండుసార్లు చదివి బల్ల మీద పడేశాడు. పెద్దయజమాని మనవడు అతను. రోజుకు నాలుగు కొత్త దుకాణాలకైనా సరుకు ఎక్కించాలని తాపత్రయపడే మనిషి. చెడ్డవాడేం కాదు, నిలకడే తక్కువ. రొట్టె లోపల పచ్చిగా ఉంటేనే తడికి బూజు పడుతుందని అతని లెక్క. లోపల పచ్చిగా ఉందంటే బట్టీ దగ్గర మనిషికి చూపు తప్పిందని అర్థం.

"మీ నాన్నగారికి పెద్దతనం వచ్చింది. సోమవారం నుంచి ఆయన్ను గోడౌనులో బస్తాల దగ్గర కూర్చోబెడతాను. కొత్త మేస్త్రిని పెట్టుకున్నామని ఆసుపత్రికి ఉత్తరం రాసెయ్యండి" అన్నాడు.

డిక్షనరీ కాగితం తీసుకుంది. అయ్యా అని రాసింది. తర్వాతి మాటకు కలం కదల్లేదు. ముప్పై ఏళ్లు గడియారం వంక చూడకుండా, వాసనను బట్టి బట్టీ తలుపు తెరిచిన మనిషిని తన చేత్తోనే బస్తాల దగ్గరికి పంపాలి. ఆమె కాగితాన్ని మడిచి, భోజనానికి ఇంటికి వెళ్లొచ్చి రాస్తానంది.

ఇంట్లో అమ్మమ్మ వంటగది గడప మీద కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తోంది. విషయం వింటూ చేతిలోని కాయ ఒలవడం ముగించింది. తర్వాత, మీ నాన్న ఏమన్నాడని అడిగింది. ఏమీ అనలేదంది మనవరాలు.

"అనడు. మా అల్లుడి నోట్లోంచి మాట వచ్చేలోగా మూడు వాయిలు దిగుతాయి" అంది అమ్మమ్మ. గింజలు వేరు చేస్తూనే, ఇంతకీ వియ్యంకుళ్లు ఏమంటున్నారు అని అడిగింది.

వియ్యంకుళ్లు కాదు, రోజుకు ఒక్కడే అంది డిక్షనరీ.

"ఒక్కడేమిటే? రెండోవాడేడీ?"

డిక్షనరీ చేతిలో కంచం చేతిలోనే ఉండిపోయింది. రెండోవాడు ఎవరని అడిగింది. అమ్మమ్మ ఆమె వంక, ఇంత చదివి ఇదా అన్నట్టు చూసి, చిక్కుళ్లు పక్కకు నెట్టింది.

అమ్మమ్మ ప్యాకింగ్‌లో చేరిన కొత్తలో, ఆసుపత్రి స్టోరులో ఒక సన్నపాటి గుమాస్తా ఉండేవాడట. కళ్లజోడు ముక్కు చివరన పెట్టుకుని వారానికోసారి బేకరీ మెట్లెక్కి, మీ రొట్టె పాడైపోయిందని రంకెలు వేసేవాడట. పెద్దయజమాని తక్కువవాడా, మీ గదిలో పెట్టి మీరే పాడుచేశారని తిరగబడేవాడట. ఒకరోజు గొంతులు బొంగురుపోయేదాకా అరుచుకుని, చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. ప్రతి విడతలోనూ ఒకే ట్రేలో పక్కపక్కన కాలిన రెండు రొట్టెలు తీయాలి. రెంటినీ ఒకేలా కాగితంలో చుట్టాలి. రెండు కాగితాల మీదా ఇద్దరూ సంతకాలు పెట్టాలి. ఒకటి బేకరీ అరలో, ఒకటి ఆసుపత్రి బీరువాలో. మూడో రోజు రెండూ విప్పి చూడాలి. రెండూ పాడైతే తప్పు బేకరీది. అక్కడిది మాత్రమే పాడైతే తప్పు వాళ్ల గదిది.

వియ్యంకుళ్లని ఎవరన్నారని డిక్షనరీ అడిగింది. 

"నేనే అన్నాను. ఒక్క ట్రేలో పుట్టి, ఒకడు ఈ ఇంట్లో ఒకడు ఆ ఇంట్లో కూర్చుని, ఎప్పుడు ఎవరి తప్పు బయటపడుతుందా అని చూస్తున్నారు. అంత మర్యాదగా కాగితాలు చుట్టుకుని మరీ. వియ్యంకుళ్లు కాక ఇంకేమంటారు? పెద్దయజమాని విని కడుపు పట్టుకుని నవ్వాడు. అప్పట్నుంచి అదే పేరు."

గుమాస్తా రిటైరయ్యాక ఎప్పుడో ఆసుపత్రివాళ్లు తమ రొట్టెను దాచడం మానేసి ఉంటారు. బేకరీవాళ్లకు మానమని ఎవరూ చెప్పలేదు. ఎదుటి ఇల్లే లేని వియ్యంకుడు ఒక్కడూ అన్నేళ్లుగా అరమీద కూర్చున్నాడు. పెట్టేవాళ్లు పెడుతూనే ఉన్నారు.

రెండేళ్లుగా ఆ మాట మూలం కోసం తాను గ్రంథాలయాలు తిరిగింది, బేకరీలో పదిమందిని అడిగింది. అన్నం పెట్టే మనిషిని మాత్రం అడగలేదు. సిగ్గుపడటానికి తర్వాత తీరిక దొరుకుతుందనుకుని, డిక్షనరీ ఇంకో ప్రశ్న వేసింది. కాగితం ఎప్పుడు చుట్టేవారు?

"చల్లారాక. రొట్టెను బుగ్గకు ఆనించి చూసేవాళ్లం. వెచ్చగా తగిలితే మళ్లీ చల్లార్చే పలక మీద పెట్టేసేవాళ్లం. ఏం, ఇప్పుడు అలా చెయ్యటం లేదా?"

చెయ్యటం లేదు. రెండు వారాల క్రితం, కొత్త దుకాణాల కోసం వ్యాను బయల్దేరే వేళను పది నుంచి ఎనిమిదికి మార్చారు. ఏడింటికి దిగిన రొట్టెలు ఏడున్నరకే ప్లాస్టిక్ కవర్లలోకి పోతున్నాయి.

సాయంత్రం నాలుగింటికి ఆమె నిచ్చెన వేసుకుని సోమవారం వియ్యంకుణ్ని దించింది. బట్టీ గదిలో చిన్నయజమాని ఉన్నాడు, నాన్న ఉన్నాడు, పని ఆపేసి వచ్చినవాళ్లు తలుపు దగ్గర మూగారు. ఆమె చేతిలో కత్తి ఉంది. కోశాక లోపల ముద్దగా, పచ్చిగా కనిపిస్తే, నాన్నను తానే నలుగురిలో నిలబెట్టి తీర్పు చెప్పించినట్టవుతుంది. ఆమె నాన్న వంక చూసింది.

"కొయ్యమ్మా. నా రొట్టె సంగతి నాకు తెలుసు" అన్నాడాయన.

పైపొర బాగా ఎండింది, కత్తి ఒక పట్టాన దిగలేదు. దిగాక రెండు చెక్కలుగా విడిపోయింది. లోపల ఈ చివర నుంచి ఆ చివరకు ఒకే రంగు, ఒకే గుల్ల. ఎక్కడా జిగురు లేదు, మచ్చ లేదు. తలుపు దగ్గర ఎవరో చప్పట్లు కొట్టబోయి ఆగారు.

చిన్నయజమాని ముక్కను వేళ్లతో నలిపి చూశాడు. గాలికి మూడు రోజులు ఎండిన రొట్టెకు బూజు ఎలా పడుతుంది, ఇది సాక్ష్యం కిందికి రాదు అన్నాడు. అతను అన్నది న్యాయమే. డిక్షనరీ ఒప్పుకుంది. ఒప్పుకుంటుందని అతను అనుకోలేదు, కొంచెం తడబడ్డాడు.

"అందుకే రేపు సరిగ్గా చేద్దాం. ఒకే ట్రేలోంచి నాలుగు రొట్టెలు. రెండు ఇప్పటిలాగే వేడి మీద కవర్లో పెడదాం. రెండు చల్లారాక పెడదాం. ఒక్కో రకంలో ఒకటి మన దగ్గర, ఒకటి ఆసుపత్రిలో. సంతకాలు వాళ్లవీ మనవీ. శనివారం విప్పుదాం. మీ తాతగారు చేసిన ఒప్పందమే" అంది.

తాతగారి పేరు ఎత్తేసరికి అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అమ్మమ్మ చెప్పినదంతా ఆమె చెప్పింది. పిండి కలిపే ఆయన, లేబుళ్ల ఆమె తమ తమ కథలు పోయినందుకు కాస్త చిన్నబుచ్చుకున్నారు. వ్యాను డ్రైవరు మాత్రం, వియ్యంకుడంటే మంచివాడు కాడనే కదా నేనూ అన్నది అని తన వాటా తాను తీసుకున్నాడు.

అంతా విని చిన్నయజమాని, మన తప్పును మనమే పిలిచి చూపించినట్టు ఉంటుందేమో అన్నాడు.

"తప్పెక్కడుందో మనకీ తెలీదు, వాళ్లకీ తెలీదు. మేస్త్రి మీద వేసేస్తే తెలిసినట్టు కాదు కదండీ. కొత్త మేస్త్రి వచ్చాక కూడా బూజు పడితే, అప్పుడు ఎవర్ని గోడౌనుకు పంపుతారు?"

అతను ఆమె వంక, తర్వాత అరవంక చూశాడు. సరే, శనివారం దాకా అన్నాడు. అందరూ వెళ్లిపోయాక నాన్న ఆమె దగ్గరికి వచ్చి, కవర్లు వేడిమీద వేస్తున్నారని తనకు మొదటి రోజే తెలుసని చెప్పాడు. బట్టీ తలుపు దాటాక తన పని కాదని ఊరుకున్నాడట. "అది నా తప్పే. ఉత్తరంలో అదీ రాయి" అన్నాడు.

ఆమె రాసింది. అయ్యా అని మొదలుపెట్టిన కాగితం మీదే రాసింది.

గురువారం పొద్దున ఆసుపత్రి స్టోరు చూసే ఆవిడ స్వయంగా వచ్చింది. బొద్దుగా, గట్టి మనిషి. రొట్టెలకు సంతకాలేమిటని మొదట నవ్వింది, నాలుగు కవర్లకూ అంటించిన కాగితాల మీద తేదీ, వేళతో సహా పెట్టాక నవ్వు మానేసింది. తమ స్టోరులో పాత చెక్కబీరువాకు పై అరన, ఎందుకు రాశారో తెలియని ‘వియ్యంకుడు’ అన్న అక్షరాలు సున్నంతో రాసి ఉన్నాయని, తాను చేరినప్పట్నుంచీ అది ఎవరో వేళాకోళానికి రాసి చెరపకుండా వదిలేసిన పేరనుకున్నానని ఆవిడ చెప్పింది. డిక్షనరీ ఆ మాటను అక్కడికక్కడే నోటుపుస్తకంలో రాసుకుంది. ఆ సాయంత్రమే వెళ్లి ఆ అక్షరాలు చూసి వచ్చింది. రెండు రొట్టెలూ ఆ అరలోనే కూర్చున్నాయి.

శుక్రవారం ఆ ఇంట్లో ఎవరూ రొట్టె మాట ఎత్తలేదు. అమ్మమ్మ ఒక్కతే నిశ్చింతగా ఉంది. శనివారం కట్టుకోవడానికి చీర తీసి పెట్టుకుంది.

శనివారం పది గంటలకు స్టోరావిడ సంచిలో రెండు రొట్టెలు పెట్టుకుని వచ్చింది. బల్ల మీద నాలుగూ వరసగా పెట్టారు. సంతకాలు చూసుకున్నారు. పదిహేనేళ్ల తర్వాత బట్టీ గదిలో అడుగుపెట్టిన అమ్మమ్మకు కుర్చీ వేశారు. ఆమె కూర్చోలేదు, బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

వేడి మీద కట్టినవి ముందు విప్పారు. బేకరీలో ఉన్నదాని అడుగున అర్ధరూపాయంత పచ్చని మచ్చలు రెండు. ఆసుపత్రిలో ఉన్నదానికి మూడు. కవరు లోపల తడి ఇంకా అంటుకునే ఉంది. స్టోరావిడ పెదవి విరిచింది. చిన్నయజమాని మొహం చిన్నదైంది. ఇప్పుడు మిగిలిన రెండే నాన్న సంగతి తేల్చాలి. డిక్షనరీ మూడో కవరును ముందుకు జరిపింది. నాన్న పక్కనుంచి చెయ్యి చాపి ముడి విప్పాడు.

మొదటిది శుభ్రంగా ఉంది. రెండోదీ శుభ్రంగానే ఉంది. స్టోరావిడ దాన్ని తిప్పి తిప్పి చూసి, వాసన చూసి, ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుంది. మూడో రోజు రొట్టెలా లేదంది.

ఒకే ట్రే, ఒకే బట్టీ, ఒకే చెయ్యి. తేడా అంతా రెండు గంటలే. చిన్నయజమాని ఆ మాటను ఎవరూ అనకముందే తానే అన్నాడు, అది అతనిలోని మంచి గుణం. వ్యాను మళ్లీ పదింటికే బయల్దేరుతుందనీ, ఎనిమిదింటికి కావాలన్న కొత్త దుకాణాలకు ముందురోజు వాయి ఇస్తామనీ చెప్పాడు. తర్వాత మేస్త్రి వైపు తిరిగాడు. ఏం చెప్పాలో తోచక, మేస్త్రి గారూ, సోమవారం వాయి ఎన్నింటికి వేస్తారు అని అడిగాడు.

"ఎప్పటిలాగే, బాబూ" అన్నాడు నాన్న.

స్టోరావిడ వెళ్తూ వెళ్తూ, సోమవారం నుంచి తమ వియ్యంకుణ్ని తమకు ఇవ్వాల్సిందేనని, బీరువాలో చోటు ఖాళీ చేసే ఉంచుతాననీ ఖచ్చితంగా చెప్పింది. ఇక మీద బట్టీ తలుపుకూ ప్యాకింగ్ గదికీ మధ్య పలక మీద, రొట్టెను బుగ్గకు ఆనించి చూసే పని నాన్న తన మీద వేసుకున్నాడు.

ఆఫీసు గదిలో డిక్షనరీ నోటుపుస్తకం తీసి, వియ్యంకుడి పేజీలో ఉన్న నాలుగు కథలనూ కొట్టెయ్యకుండా అలాగే ఉంచి, కింద ఐదోది రాసింది. అమ్మమ్మ కిటికీ దగ్గర నిలబడి, ఆ గీతలు తనకు చదవడం రాకపోయినా, కలం ఆగేదాకా చూసింది.

"మొదట ఎవరన్నారో రాశావా?"

"రాశాను. ప్యాకింగ్ గదిలో కాగితాలు చుట్టే అమ్మాయి, వయసు ఇరవై అని రాశాను."

అమ్మమ్మ వేళ్లు మడిచి లెక్క చూసుకుంది.

"పంతొమ్మిది" అంది.

డిక్షనరీ ఇరవైని కొట్టేసి పంతొమ్మిది అని దిద్దింది.